సోషల్ వర్కర్లు మారినప్పుడల్లా మళ్ళీ మొదటికే

ప్రశ్న: అమ్మానాన్నలను పోగొట్టుకున్న మా అక్క కొడుకును బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో మా ఇంట్లోనే పెంచుకుంటున్నాము. బాబును చూడటానికి వచ్చే సోషల్ వర్కర్ ఉద్యోగం మానేసిన ప్రతిసారీ కొత్తవారు వచ్చి, తల్లిదండ్రులు ఎట్లా పోయారన్న దగ్గరి నుంచి అన్నీ మళ్ళీ అడుగుతున్నారు. ఈ మధ్య ఎవరైనా ఫైలు పట్టుకొని వస్తే చాలు, పెరట్లోకి వెళ్ళిపోతున్నాడు. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా, బాబును బలవంతంగా పిలిచి కూర్చోబెట్టకండి. నమ్మి మనసు విప్పిన మనిషి ఒక మాటైనా చెప్పకుండా రావడం మానేస్తే, అసలే అయినవాళ్ళను పోగొట్టుకున్న పిల్లవాడు తరువాత వచ్చినవారికి దూరంగా ఉండటం సహజమే.

ఈ సోషల్ వర్కర్లు పనిచేసే జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద, ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందితో నడుస్తున్నాయి. బాల్యవివాహాలను ఆపడం, కాజీపేట వంటి జంక్షన్లలో ఒంటరిగా దొరికిన పిల్లలను 24 గంటలలోగా సమితి ముందు హాజరుపరచడం, తప్పిపోయిన పిల్లలను, బాలకార్మికులను వెతికే జనవరిలోని ఆపరేషన్ స్మైల్, జులైలోని ఆపరేషన్ ముస్కాన్ తనిఖీలు, వీటన్నిటి నడుమ ఇంటింటి సందర్శనలు కూడా చూసుకోవలసిన ఉద్యోగి, కొలువుకు భరోసా లేనప్పుడు మెరుగైనది దొరకగానే వెళ్ళిపోతే తప్పుపట్టలేము. అయితే ఆ నష్టం పిల్లవాడు భరించవలసి రావడం ఎంతమాత్రం న్యాయం కాదు.

2015 బాల న్యాయ చట్టం కింద సమితి ముందుకు వచ్చిన బిడ్డకు కుటుంబ పరిస్థితులను తెలిపే సామాజిక విచారణ నివేదిక, బిడ్డ అవసరాలకు తగ్గట్టు రాసే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉంటాయి. ఉద్యోగి వెళ్ళిపోయినా ఆ కాగితాలు కార్యాలయంలోనే ఉండాలి, కొత్తవారు వాటిని చదివిన తరువాతే మీ ఇంటికి రావాలి. పిల్లల గోప్యతనూ, వారి మాటకు విలువ ఇవ్వడాన్నీ అదే చట్టం 3వ సెక్షన్‌లో మూలసూత్రాలుగా చెప్పింది. కనుక బాబు చేత గతాన్ని మళ్ళీ చెప్పించవద్దనీ, ఇకముందు ఎవరైనా మానేసేటప్పుడు కొత్తవారిని వెంటబెట్టుకొని వచ్చి, బాబుకు పరిచయం చేసి, తాము వెళ్తున్న సంగతి తామే చెప్పాలనీ సమితికి దరఖాస్తు రాసి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉండే బాలరక్షా భవన్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

మీ వంతుగా ఒక నోటుపుస్తకం పెట్టండి. బడి, టీకాలు, నిద్ర, ఏ మాట ఎత్తితే కలత పడతాడు, ఏ ఆటంటే ఇష్టం, అన్నీ అందులో రాసి, వచ్చినవారికి అదే చదవమని ఇవ్వండి. మొదటి రోజు ప్రశ్నలేవీ వద్దనీ, బాబు ఆడుకుంటుంటే కాసేపు దగ్గర కూర్చుంటే చాలనీ నిర్మొహమాటంగా చెప్పండి. అలా చెప్పే చనువు పెంచుతున్న మీకు తప్పకుండా ఉంది.

బాబు పోషణకు మిషన్ వాత్సల్య కింద ఇచ్చే నెలకు 4,000 రూపాయల సాయం (స్పాన్సర్‌షిప్) మంజూరై ఉంటే, సిబ్బంది మార్పులో ఆ కాగితాలు ఆగిపోలేదు కదా అని కూడా అదే రోజు అడిగి తెలుసుకోండి.