ఫైర్‌వాల్ మాత్రం ఆపకు నాన్నా

బ్రాడీపేట, గుంటూరు

చిన్నోడా,

విజయవాడ గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు తీసుకున్నావని, వైఫై ప్రింటర్ కూడా వచ్చేసిందని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఎంత సంబరపడ్డానో! మా డీటీపీ సెంటర్‌లో నా పక్కన స్టూలేసుకుని కాగితాలు లెక్కపెట్టిన పిల్లాడివి. అంతలోనే అది, "ప్రింట్ రావట్లేదట అక్కా, వీడేమో ఫైర్‌వాల్ తీసేస్తానంటున్నాడు" అంది. ఫైర్‌వాల్ అంటే కంప్యూటర్‌కి కాపలావాడు రా, ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. తెల్లారగానే కూర్చుని రాస్తున్నాను.

కంప్యూటరూ ప్రింటరూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో ముందు చూడు. ప్రింటర్‌ని బయటివాళ్ల కోసం వేరుగా పెట్టే గెస్ట్ వైఫైకి తగిలించావంటే కంప్యూటర్‌కి అది కనిపించదు. ప్రింటర్‌తోనే నెట్‌వర్క్ పేజీ ఒకటి కొట్టించి, దాని ఐపీ నంబర్, అంటే వైఫైలో దాని అడ్రస్, రాసుకో.

తర్వాత విండోస్ సంగతి. కొత్త వైఫై ఏది తగిలినా అది పబ్లిక్ అనుకుంటుంది. బస్టాండ్ వైఫైని ఎలా అనుమానిస్తుందో నీ షాపు వైఫైనీ అలాగే అనుమానిస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిచి ప్రైవేట్ అని మార్చు. ఫైర్‌వాల్ అనుమతుల్లో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అనే రెండింటికీ ప్రైవేట్ గడిలోనే టిక్ పెట్టు. పబ్లిక్ గడి జోలికి పోకు. యాంటీవైరస్ వేరే వేసుకుని ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉండొచ్చు, అందులోనూ చూడాలి.

ఇంకో మాట. ఈ ఫైర్‌వాల్ మామూలుగా మన దగ్గర్నుంచి బయటికి పోయేదాన్ని ఆపదు. మనం పిలవకుండా లోపలికి వచ్చేదాన్ని ఆపుతుంది. అందుకే వెతికితే ప్రింటర్ దొరక్కపోయినా, ఐపీ నంబర్ ఇచ్చి చేత్తో యాడ్ చేస్తే చాలాసార్లు ప్రింట్ వచ్చేస్తుంది. అది ఎక్కువగా 9100 పోర్టు మీద నడుస్తుంది, పోర్టు అంటే డేటా వచ్చిపోయే తలుపు లాంటిది. ఆ ఐపీ నంబర్ మారిపోకుండా రూటర్‌లో రిజర్వ్ చేయించు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను, మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు. 2017 వేసవి. ప్రాజెక్టు రిపోర్టుల సీజన్, షాపు కిటకిటలాడుతోంది. కౌంటర్ కంప్యూటర్‌కి తగిలించిన ప్రింటర్‌ని లోపలి కంప్యూటర్‌కి షేర్ చేశాను. లోపలి నుంచి ప్రింట్ రాదు. ఇరవై మంది నిలబడి ఉన్నారు, నాకు టెన్షన్. రెండింట్లోనూ ఫైర్‌వాల్ ఆపేశాను. వెంటనే ప్రింట్ వచ్చింది. సాయంత్రం మళ్లీ పెడదామనుకుని మర్చిపోయాను. పైగా విండోస్ 7, నెట్ డేటా అయిపోతుందని అప్‌డేట్లు ఆపేసి ఉన్నాను.

మే నెలలో వన్నాక్రై అని, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చింది. అది 445 పోర్టులోంచి, అంటే విండోస్ ఫైళ్లూ ప్రింటర్లూ పంచుకునే దారిలోంచే, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకేది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, నేను వేసుకోలేదు. ఎవరో కుర్రాడు లాప్‌టాప్ తెచ్చి మా వైఫైకి కలిపాడు, అందులోంచే వచ్చిందని ఇప్పటికీ నా అనుమానం. పొద్దున షట్టర్ ఎత్తి చూస్తే రెండు స్క్రీన్ల మీదా ఎర్ర కిటికీ, 300 డాలర్లు కట్టమని. ఫైల్ పేర్ల చివర వింత అక్షరాలు. ఏదీ తెరుచుకోలేదు.

ఒక అమ్మాయి ఎనభై పేజీల రిపోర్టు అందులో పోయింది. మర్నాడే ఇవ్వాలి. తన చేతిరాత నోట్సు నా దగ్గరే ఉండబట్టి బతికిపోయాను. మీ పెదనాన్న చదువుతుంటే రాత్రంతా టైప్ చేశాను. తెల్లవారుజామున ఆ పిల్ల వచ్చి నన్ను ఒక్క మాటా అనలేదు, బెంచీ మీద కూర్చుని నిశ్శబ్దంగా ఏడ్చింది. ఆ ముఖం ఇంకా నా కళ్ల ముందే ఉంది.

అందుకే రా కోప్పడుతున్నది. నీ దగ్గరికి జనం ఆధార్లు, సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు తెస్తారు. నిన్ను నమ్మి ఇస్తారు. ప్రింట్‌కి ఫైర్‌వాలే అడ్డమని అంతగా అనుమానం ఉంటే రూటర్‌కి వచ్చే నెట్ కేబుల్ పీకేసి, కస్టమర్ల ఫోన్లు, లాప్‌టాప్‌లేవీ వైఫైలో లేకుండా చూసి, రెండు నిమిషాలు ఫైర్‌వాల్ ఆపి ఒక పేజీ కొట్టి చూడు. వస్తే దోషం ఫైర్‌వాల్ సెట్టింగులో ఉన్నట్టే. వెంటనే మళ్లీ ఆన్ చేసి, ఆ తర్వాతే ఇంకో పని ముట్టుకో. కస్టమర్లకి గెస్ట్ వైఫై వేరే పెట్టు, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

అన్నం వేళకి తిను, షాపులో పడి మానేస్తావు నువ్వు. ఆదివారం నాన్‌స్టాప్ బస్సెక్కి వస్తాను, గోంగూర పచ్చడి కూడా తెస్తాను. రూటర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఉంచు, గోడకి మాత్రం అంటించకు.

మీ పెద్దమ్మ