జలుబు ఉంటే తట్టు టీకా ఆపాలా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిది నెలలు నిండి రెండు వారాలైంది. బరువు 8 కిలోలు. ఎంఆర్ (తట్టు-రుబెల్లా) టీకా వేయించాల్సిన రోజున ముక్కు కారుతోంది, జ్వరం 99.6 ఉంది. తగ్గాక చూద్దామని మా అత్తగారు ఆపేశారు. పైగా ఈమధ్య గుడ్డు పెడితే నోటి చుట్టూ దద్దుర్లు లేచాయి. టీకా వేయించవచ్చా? - ఓ తల్లి, నల్గొండ

జవాబు: వేయించండమ్మా. వచ్చే టీకా రోజు దాటనివ్వకండి. జలుబు, కొద్దిగా దగ్గు, పలుచని విరేచనాలు, ఒళ్లు కాస్త వెచ్చబడటం వంటివేవీ ఈ టీకాకు అడ్డు కావు. యాంటీబయాటిక్ వాడుతున్నా వేయించవచ్చు. ఈ వయసులో జలుబు వస్తూ పోతూనే ఉంటుంది, ముక్కు ఆరే రోజు కోసం చూస్తే నెలలు గడిచిపోతాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఈపాటికి దాదాపు తరిగిపోయి ఉంటుంది. తట్టు వచ్చిన బిడ్డ గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉంటుంది.

ఒళ్లు కాలిపోతూ, పాలు తాగక డీలా పడినా, ఆయాసపడుతున్నా అప్పుడు ఆపాలి. ముందు ఆ జబ్బుకు వైద్యం కావాలి. పైగా తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా అది జబ్బు వల్లో, టీకా వల్లో తేల్చలేం. కోలుకోగానే వేయించాలి.

గుడ్డు పడకపోయినా ఎంఆర్ ఇవ్వవచ్చు. కొన్ని కంపెనీల టీకాలో తట్టు వైరస్‌ను కోడిపిండ కణాల్లో పెంచినా, అందులో గుడ్డు ప్రోటీన్ మిగిలేది లేనట్టే. ఏ టీకాకైనా ఉండాల్సినట్టే అరగంట అక్కడే ఉండండి.

నిజంగా ఆపాల్సినవి వేరే ఉన్నాయి: ఇదే టీకాకు లేదా అందులోని నియోమైసిన్, జెలటిన్‌లకు గతంలో తీవ్రమైన అలర్జీ రావడం, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతినడం, రెండు వారాలకు పైగా ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ వాడటం. ఈమధ్య రక్తం గానీ ఇమ్యునోగ్లోబులిన్ (రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాల మందు) గానీ ఎక్కించి ఉంటే కొన్ని నెలలు ఆగాలి, ముందే చెప్పండి.

టీకా జ్వరం ఆ రాత్రే రానక్కర్లేదు. 7 నుంచి 12 రోజుల మధ్య జ్వరం, సన్నని దద్దు రావచ్చు, అది ఇతరులకు అంటదు. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున మీ బాబుకు ఒక మోతాదు 120 మి.గ్రా. సీసా మీద 5 మి.లీ.లో 120 అని ఉంటే 5 మి.లీ., 250 అని ఉంటే సుమారు 2.4 మి.లీ., చుక్కల మందులో 1 మి.లీ.కి 100 అని ఉంటే 1.2 మి.లీ. ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లే మోతాదు మించిపోతుంది. కనీసం ఆరు గంటల ఎడం ఉంచండి. జ్వరం లేకుండా ముందుగానే పట్టవద్దు.

అదే రోజు కార్డులో మిగిలిన టీకాలు, విటమిన్ ఎ మొదటి మోతాదు కూడా అడిగి వేయించండి. రెండో ఎంఆర్ 16 నుంచి 24 నెలల మధ్య.