పండగ ముందు చెప్పాలా, వెళ్లాక చెప్పాలా?

ప్రశ్న: కాశీబుగ్గలో మాది జీడిపప్పు హోల్‌సేల్ దుకాణం. మా అబ్బాయి నిరుడు ఎంబీఏ పూర్తిచేశాడు. ఉద్యోగం దొరికేలోపు దుకాణం చూస్తానని వచ్చాడు. లెక్కలు రాసే కుర్రాడు మా దగ్గర చేరి పదకొండు నెలలైంది. బీకాం చదివాడు, మా బావమరిది చెప్తే పెట్టుకున్నాం. బిల్లుల్లో తప్పులు వస్తున్నాయి. జీఎస్టీ రిటర్నులు రెండుసార్లు ఆలస్యమై ఫైన్ కట్టాం. నెలాఖరుకే తీసేద్దామని మావాడు పట్టుబడుతున్నాడు. పెద్దపండగ ముందు ఒకరి పొట్ట కొట్టకూడదు, కనుమ వెళ్లాక చూద్దామని నేనంటున్నాను. ఆ కుర్రాడిది ఉద్దానం, తిత్లీ తుపానుకి జీడితోట పోయిన కుటుంబం. దీనిమీద ఇంట్లో రోజూ గొడవే. మావాడు రేపు హెచ్ఆర్ ఉద్యోగానికి వెళ్తాడట. ఇంత కటువుగా ఉండేవాడు ఆ పనికి పనికొస్తాడా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చివరి ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. పనికొస్తాడు. పని సరిగా జరగడం లేదని గమనించి, ఆ మాట పైకి అన్నాడు. చాలామంది అది కూడా చెయ్యరు, మొహం ముడుచుకుని తిరుగుతారంతే. కాకపోతే మీవాడు సగం పనే చేశాడు. మీతో అన్న మాట ఆ కుర్రాడితో అన్నాడా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ సంగతి ఎక్కడా కనబడలేదు.

ఇక మీ సంగతి. మీది మంచి మనసే, తప్పుపట్టను. కానీ ఇలాంటి మంచితనం దెబ్బ నేనొకసారి తిన్నాను.

పాతికేళ్ల వయసులో ఒక ప్రైవేటు విద్యాసంస్థ ఆఫీసులో పనిచేసేవాణ్ని. సంక్రాంతికి ఊరెళ్లే ముందు అమ్మకి వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నాను. భోగి రోజు రాత్రి హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితుడొకడు, “మా ఆఫీసులో ఒక ఖాళీ ఉందిరా, వస్తావా?” అన్నాడు. నాకు ఉద్యోగం ఉంది కదా అని నవ్వేశాను. ముక్కనుమ కూడా అయ్యాక తిరిగొచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టబోతుంటే, లోపలికి పిలిచి రేపట్నుంచి రావొద్దన్నారు. డిసెంబరులోనే అనుకున్నారట. “పండగపూట బాధపెట్టడం ఎందుకని ఆగాం” అని, నాకేదో మేలు చేసినట్టే చెప్పారు. స్నేహితుడికి ఫోన్ చేస్తే ఆ ఖాళీ అప్పటికే నిండిపోయింది. ఫ్రిజ్ వాయిదాలు మాత్రం ఇంకా పది ఉన్నాయి.

తీసేశారని నాకు పెద్ద కోపం లేదు. ఆ పనికి నేను అంతగా సరిపోలేదు కూడా. తెలిసి నెలరోజులు దాచారే, అదే ఇప్పటికీ మింగుడుపడదు.

మన జిల్లాలో సంక్రాంతి అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. హైదరాబాద్, చెన్నై, విశాఖ అని చెదిరిపోయిన ఊరంతా ఆ నాలుగు రోజులూ ఒక్కచోట చేరుతుంది. పలాస స్టేషన్లో దిగే జనాన్ని చూస్తే చాలు. ఎవరి కంపెనీలో ఖాళీలున్నాయి, ఎక్కడ జీతం ఎంతిస్తున్నారు అన్న కబుర్లన్నీ అప్పుడే, అరుగుల మీదే నడుస్తాయి. ఉద్యోగం వెతుక్కునేవాడికి ఇంతకన్నా పెద్ద జాబ్‌మేళా మన దగ్గర లేదు. మీరు కనుమ దాకా దాచితే ఆ కుర్రాడు ఆ నాలుగు రోజులూ “నాకేం, కాశీబుగ్గలో చేస్తున్నాను” అని చెప్పుకుని తిరుగుతాడు. పైగా వచ్చే నెల జీతం ఉందనే ధైర్యంతో అప్పు చేసి ఇంట్లోవాళ్లకి బట్టలు తీస్తాడు.

అలాగని మీవాడి మాటకి కూడా వెంటనే తలూపను. ఆ తప్పులు ఎక్కడ పుడుతున్నాయో ముందు చూడాలి. మీ వ్యాపారంలో ఒక మెలిక ఉంది. రైతు దగ్గర నేరుగా జీడిపిక్క కొంటే, దానిమీద జీఎస్టీ రైతు కట్టడు. రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారుగా మీరే కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి, అంటే కట్టింది మీ అమ్మకాల పన్నులో తగ్గించుకోవాలి. దీన్నే రివర్స్ ఛార్జ్ అంటారు. కాలేజీలో ఆ మాట విని ఉండొచ్చు గానీ, పిక్కల సీజన్లో చీటీల కట్ట ముందు పెట్టుకుని కూర్చుంటే కొత్తవాడికి చెయ్యి ఆడదు. పక్కన కూర్చుని ఎవరైనా ఒక్క నెల చూపించారా?

ఆలస్యం సంగతీ అంతే. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకి, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను లెక్కగట్టి కట్టే 3బీ గడువు 20. అమ్మకం బిల్లులు మీ గల్లాపెట్టెలోంచి అతని టేబుల్ మీదకి ఎన్నో తారీఖుకి వస్తున్నాయి? నా దగ్గరకొచ్చే దుకాణదారుల్లో సగంమంది ఈ ప్రశ్నకి నీళ్లు నములుతారు. తొమ్మిదో తారీఖు రాత్రి ఇచ్చి పదకొండుకి వెయ్యలేదంటే తప్పెవరిదో మీరే చెప్పండి. బిల్లులు ఒకటో తేదీకే అందినా వెయ్యలేదంటే, అప్పుడు మీవాడిదే ఒప్పు.

ఈ ఉత్తరం డిసెంబరు రెండో వారంలో వచ్చింది కాబట్టి ఇంకా టైముంది. ఇంతవరకు ఎవరూ అతనికి సూటిగా చెప్పలేదంటే, ఈ వారమే మీ అబ్బాయి అతన్ని కూర్చోబెట్టి మాట్లాడాలి. దుకాణంలో వద్దు. పప్పు ఏరే ఆడవాళ్ల ముందైతే అసలే వద్దు. తప్పులొచ్చిన బిల్లులు నాలుగైదు ముందు పెట్టి, “ఇవి ఇలా ఉంటే నేను నిన్ను ఉంచుకోలేను. డిసెంబరు రిటర్నులు నువ్వే వెయ్యాలి, బిల్లులు ఒకటో తేదీకల్లా నీకిస్తాను. జనవరి 20 తర్వాత మళ్లీ కూర్చుని తేల్చుకుందాం. ఈలోపు ఊళ్లో ఎవరైనా మంచి ఉద్యోగం చెబితే వదులుకోకు” అని చెప్పాలి. ఆ ఆఖరి వాక్యం పలకడం కష్టం. మీవాడు దాన్ని మింగేస్తాడని నా అనుమానం. అనమనండి. జీఎస్టీఆర్-1 గడువు భోగికి రెండు మూడు రోజుల ముందే పడుతుంది కాబట్టి పని తీరేమిటో పండగలోపే చాలావరకు తెలుస్తుంది.

ఒకవేళ ఇదివరకే రెండు మూడుసార్లు చెప్పారు, నేర్పారు, అయినా మారలేదు అంటే ఇంక నాన్చకండి. ఆరు నెలలు దాటి పనిచేసినవాణ్ని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా తీసేయడానికి మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988 ఒప్పుకోదు. నోటీసు లేకపోతే నెల జీతం ఇవ్వాలి. కాబట్టి ఆ నెల జీతం చేతిలో పెట్టకుండా నెలాఖరుకి పొమ్మనడం కుదరదు. ఈ వారమే నోటీసు ఇచ్చి, గడువు పండగ దాటాక ముగిసేలా పెట్టండి. పండక్కి జీతం చేతికొస్తుంది, విషయమూ తెలుస్తుంది. మీరు కోరుకున్నదీ, మీవాడు కోరుకున్నదీ అందులో కలిసే ఉన్నాయి, మరి గొడవ దేనికో నాకర్థం కాలేదు. నోటీసు ఇచ్చే చోట మాత్రం కాస్త తేదీ చూసుకోండి. భోగి ముందురోజు సాయంత్రం కవరు చేతిలో పెట్టి పంపడం మనిషి చెయ్యాల్సిన పని కాదు.

వెళ్లేరోజు లెక్క తేల్చడంలో ఆలస్యం చెయ్యకండి. రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. అందరికీ పండగ మామూలు ఇస్తుంటే అతనికీ ఇవ్వండి, అందులో కోత పెట్టి ఫైన్ డబ్బులు రాబట్టుకోవాలని చూడొద్దు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, ఏ పని చేశాడో రాస్తే చాలు. లేని పొగడ్త వద్దు, ఉన్న కోపం వద్దు.

ఈ మాటలన్నీ మీ అబ్బాయే మాట్లాడాలి. మీరు పక్కన కూర్చోవద్దు. మీరుంటే ఆ కుర్రాడు మీ మొహమే చూస్తూ ఉంటాడు, మీరేమో కరిగిపోయి “సర్లే, చూద్దాంలే బాబూ” అనేస్తారు. మీవాడికి రాత్రి నిద్రపట్టకపోవచ్చు, పట్టకపోతేనే మంచిది. రేపు హెచ్ఆర్ ఇంటర్వ్యూలో ఎవరినైనా తీసేయాల్సి వచ్చిందా అని అడిగితే, పుస్తకంలో చదివింది కాకుండా తను చేసింది చెప్తాడు.

మీ బావమరిదికి మాత్రం కుర్రాడితో మాట్లాడాకే చెప్పండి. ముందే చెప్పారో, మీవాడు కుర్చీ లాక్కుని కూర్చునేలోపే సంగతి ఉద్దానం చేరిపోతుంది.