కారు లోపలి ఫోటోలకు కెమెరా బాడీ కాదు, లెన్స్ మార్చండి

ప్రశ్న: మేం సెకండ్ హ్యాండ్ కార్లు అమ్ముతాం. కానన్ 1500డి, దానితో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. వెనక సీట్లోంచి తీస్తే డ్యాష్‌బోర్డు మొత్తం పట్టడం లేదు. అద్దాలు తెల్లగా వెలిసిపోతున్నాయి, సీట్లేమో నల్లగా పడుతున్నాయి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా కొనమంటున్నారు. కొనాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కర్లేదండీ. మీ ఇబ్బందుల్లో ఒకటి లెన్స్‌ది, రెండోది వెలుతురుది. లెన్స్ మీది ఎం.ఎం. అంకె తగ్గేకొద్దీ ఫోటోలో ఎక్కువ చోటు పడుతుంది. 1500డి సెన్సర్ చిన్నది, అందులో 18 ఎం.ఎం. అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో దాదాపు 29. కారులో వెనక్కి జరిగే చోటుండదు కాబట్టి అది చాలదు. కానన్ ఈఎఫ్-ఎస్ 10-18 ఎం.ఎం. లెన్స్ తీసుకోండి. 22 సెంటీమీటర్ల దూరంలోని వస్తువునీ ఫోకస్ చేస్తుంది. అయితే 10 దగ్గర అంచులు సాగిపోతాయి, ఫ్రేము మూలకొచ్చిన స్టీరింగు కోడిగుడ్డులా కనిపిస్తుంది. 12-13 దగ్గర ఆపి, కెమెరాను వంచకుండా తీయండి. డోర్ తెరిచి బయటనుంచి తీసే సీట్ల ఫోటోలకు మీ 18-55 సరిపోతుంది.

ట్రైపాడ్ తప్పనిసరి. రెండు కాళ్లు వెనక ఫ్లోర్ మీద చెరోవైపు, మూడోది సీటు మీద పెట్టండి. సీటు కుంగకుండా ఆ కాలి కింద చిన్న ప్లైవుడ్ ముక్క వేయాలి. కారులో ఎవరూ కూర్చోకూడదు, డోర్‌కి ఆనుకోనూ కూడదు. సస్పెన్షన్ కదిలితే ఫోటో అలుక్కుపోతుంది. ఆర్ఎస్-60ఈ3 వైర్ రిమోట్ ఉంటే బయట నిలబడే నొక్కొచ్చు, లేదంటే 2 సెకన్ల టైమర్ పెట్టండి.

ఏవీ మోడ్ (లెన్స్ రంధ్రం మనం పెడితే షట్టర్ వేగం కెమెరాయే చూసుకుంటుంది), రంధ్రం ఎఫ్/8, ఐఎస్ఓ (కాంతికి స్పందించే స్థాయి) 100, రా ఫార్మాట్ (తర్వాత సర్దుకోవడానికి వీలైన ఫైలు) పెట్టండి. ఏఈబీ (ఒకే దృశ్యాన్ని వెలుతురు మార్చి వరసగా తీసే సదుపాయం) ఆన్ చేసి 2 స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపో సగమో అవుతుంది) తేడాతో మూడు ఫోటోలు తీసి, తర్వాత కంప్యూటర్లో ఒకే ఫోటోగా కలపండి. ఎండలో నిలబెట్టిన కారుకి ఈ మూడూ చాలవు. పొద్దుగుంకాక పావుగంట సేపు బయటి వెలుతురు తగ్గి లోపలిదానికి దగ్గరవుతుంది, ఆ సమయం అన్నిటికన్నా మంచిది. పగలే తీయాలంటే భవనం నీడలో పెట్టండి. చెట్టు నీడ వద్దు, లేత రంగు సీట్లకు ఆకుపచ్చ ఛాయ పడుతుంది. డోర్ తీయగానే వెలిగే రూఫ్ లైటు ఆపేయండి. ఆ పసుపు, బయటి నీలం కలిస్తే ఏ వైట్ బ్యాలెన్సూ (తెలుపు తెల్లగా పడేలా చేసే రంగుల సర్దుబాటు) కుదరదు. మీటర్లు వెలిగించి తీసేటప్పుడు షట్టర్ 1/30 సెకను కన్నా వేగంగా ఉంటే చారలు పడొచ్చు. కెమెరా మీది ఫ్లాష్ మాత్రం వాడొద్దు, అద్దంలోనూ నిగనిగలాడే ప్లాస్టిక్‌లోనూ తెల్లని చుక్కై కూర్చుంటుంది.

ప్రశ్న: డ్యాష్‌బోర్డు మెరుపు తగ్గుతుందని లెన్స్‌కి సీపీఎల్ (పోలరైజింగ్) ఫిల్టర్ పెడితే టచ్‌స్క్రీన్ నల్లగా అయిపోతోంది. ఫిల్టర్ పాడైందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పాడవలేదమ్మా. ఎల్‌సీడీ స్క్రీన్ నుంచి వచ్చే కాంతి ముందే పోలరైజ్ అయి (ఒకే దిశలో కంపిస్తూ) ఉంటుంది. ఫిల్టర్‌ని దానికి అడ్డంగా తిప్పినప్పుడు వెలుగు ఆగిపోతుంది. ట్రైపాడ్ కదపకుండా ఒక ఫోటో మెరుపు పోయేలా, ఇంకోటి స్క్రీన్ వెలిగేలా ఫిల్టర్ తిప్పి తీయండి. రెండోదాంట్లోని స్క్రీన్‌ని మొదటిదాంట్లో అతికించండి. పక్క అద్దాల మీద మచ్చల వరసలు కనిపిస్తే అవి టఫెన్డ్ గ్లాసువి (వేడి చేసి గట్టిపరిచిన అద్దానివి), ఫిల్టర్ తీసేస్తే పోతాయి. పైన చెప్పిన 10-18కి 67 ఎం.ఎం. ఫిల్టర్ కావాలి, మందంగా ఉంటే మూలలు నల్లబడతాయి, స్లిమ్ రకం అడగండి.