నెల్లూరులో కుక్కలను వాకింగ్‌కు తిప్పే పని పెట్టుకోవాలంటే

మీరు మాగుంట లేఅవుట్‌లో ఉంటున్నారు. చుట్టుపక్కల ఇళ్లలో లాబ్రడార్లు, పగ్‌లు బాగా ఉన్నాయి కాబట్టి వాటిని నెలవారీ లెక్కన తిప్పే పని పెట్టుకుంటే నిలబడుతుందా, ఒకేసారి నాలుగైదు కుక్కలను పట్టుకెళ్లొచ్చా అని అడిగారు.

పని నిలబడుతుంది. నాలుగైదు కుక్కల ఆలోచన మాత్రం వదిలేయండి. విదేశీ వీడియోల్లో అలా తిప్పుతారంటే అక్కడ వీధి కుక్కలు అడ్డం రావు. మన దగ్గర ప్రతి సందుకూ ఒక గుంపు ఉంటుంది. అది మీదికొచ్చినప్పుడు ఒక కుక్కను కాచుకోగలరు, రెండోది చెయ్యి జారిపోతుంది. ఒకే ఇంట్లో కలిసి పెరిగినవైతే రెండు, లేకపోతే ఒక్కటే.

మన ఊళ్లో ఎండే టైం పెడుతుంది. వేసవిలో ఉదయం 5 నుంచి 7:30 దాకా, సాయంత్రం ఏడు దాటాకే తిప్పాలి. రోహిణి కార్తెలో పొద్దు గూకినా తారు రోడ్డు చల్లారదు. చేతి వెనక వైపు రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలతాయి, మట్టి దారి చూసుకోండి. అరగంట నడక, ఇల్లు మారడానికి పావుగంట అనుకుంటే పూటకు మూడు కుక్కలే అవుతాయి. రెండు పూటలకు కుక్కకు నెలకు 3,000 రూపాయలు మాట్లాడుకున్నారనుకోండి, మూడిళ్లకు వచ్చేది 9,000. అందుకే మొదట్లో దీన్ని పక్క ఆదాయంగానే చూడండి. ఇళ్లన్నీ కిలోమీటరు లోపే ఉండాలి. వేదాయపాళెంలో ఒకటి, దర్గామిట్టలో ఒకటి ఒప్పుకుంటే నడిచే టైం బండి మీదే పోతుంది.

సామాను కొంచెమే. ఐదారడుగుల గట్టి నైలాన్ లీష్ (కుక్కను పట్టుకునే తాడు) రెండు, హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ), అర లీటరు నీళ్ల సీసా, మడిచే గిన్నె, దొడ్డి ఎత్తే కవర్లు, టార్చ్. బటన్ నొక్కితే చుట్టుకుపోయే లీష్ కొనొద్దు. కుక్క ఒక్కసారి ఉరికితే ఆ సన్నటి తాడు చర్మం కోసేస్తుంది. మెడ బెల్ట్‌లో రెండు వేళ్లు దూరేంత సందు చాలు. బెదిరిన కుక్క వెనక్కి గుంజితే వదులు బెల్ట్ తలమీదుగా ఊడిపోతుంది. ఎక్కువ కుక్కలు తప్పించుకునేది ఇలాగే, లేదంటే గేటు తీసిన ఆ క్షణంలో. కాబట్టి ఒక లీష్ బెల్ట్‌కు, ఒకటి హార్నెస్‌కు తగిలించాకే గేటు తీయండి. లీష్ వేళ్లకు చుట్టుకోవద్దు, పెద్ద కుక్క లాగితే వేలు విరుగుతుంది.

వీధి కుక్కలు ఎదురైతే పరుగెత్తకండి, మీ కుక్కను పైకెత్తకండి. ఎత్తితే అవి మీ మీదికే ఎగురుతాయి. కుక్కను మీ వెనక్కి తెచ్చుకుని, వాటి కళ్లలోకి చూడకుండా మెల్లగా వచ్చిన దారినే జరగండి. కుక్కను ఒప్పుకునే ముందే ఆ దారిలో ఒక్కరే రెండు పూటలా నడిచి, ఏ చెత్తకుండీ దగ్గర, ఏ చికెన్ షాపు ముందు గుంపు పడుకుంటుందో చూసుకోండి. ఎదకొచ్చిన ఆడకుక్కను ఆ మూడు వారాలూ రోడ్డెక్కించొద్దు.

టీకా పుస్తకం చూడకుండా ఏ కుక్కనూ తీసుకోకండి. రేబీస్ టీకా ఏడాది లోపుదై ఉండాలి. మీరు కూడా ముందస్తు రేబీస్ టీకా వేయించుకోండి: మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. అది వేసుకున్నా, కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మళ్లీ రెండు డోసులు వేస్తారు.

ఇంటివాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: అన్నం ఎప్పుడు పెట్టారు? తిన్నాక కనీసం రెండు గంటలు ఆగాలి. జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద ఛాతీ కుక్కలకు తిన్న వెంటనే ఉరికితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికొస్తుంది. పగ్‌ల సంగతి వేరు. ముక్కు చప్పిడి కాబట్టి ఒళ్లు చల్లబరుచుకోలేవు. గురక పెరిగినా, నాలుక ముదురు ఎరుపెక్కినా, జొల్లు చిక్కబడినా, అడుగు తడబడినా అక్కడే ఆపండి. నీడలోకి తెచ్చి పొట్ట మీద, తొడల లోపల మామూలు నీళ్లు పోసి విసరండి. నీళ్లు బలవంతంగా తాగించొద్దు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. నిలిచిన నీళ్లు తాగనివ్వకండి, ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఇంటికి చేరాక వేళ్ల సందుల్లో, చెవుల్లో పిడుదులు చూసి తీయండి. దీపావళికి ముందూ వెనకా చీకటి పడ్డాక బయటికి తీయకపోవడమే మంచిది, టపాసు పేలితే ఎంత మెత్తని కుక్కైనా తెంచుకుంటుంది.

మొదటి మూడు రోజులు యజమానిని వెంట రమ్మనండి, డబ్బు తీసుకోకపోయినా పర్లేదు. కుక్క మీ మాట వింటుందో లేదో అప్పుడే తేలుతుంది. తర్వాత ఒక కాగితం మీద రాసుకోండి: నెల మొదట్లోనే డబ్బు, మీ సెలవులు, మీకు ఒంట్లో బాగోకపోతే ఎవరొస్తారు, కుక్కకు దెబ్బ తగిలితే ఏ డాక్టరు, ఖర్చెవరిది. ఇంటి తాళం చేతికిస్తే దాని మీద ఇంటి నంబరు రాయకండి.