మృదంగం చదవబోతున్న అమ్మడికి

అమ్మడూ,

యూనివర్సిటీలో మృదంగం సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషమేసింది. ఎన్నో ఏళ్లు పిల్లలకి ఈ వాద్యమే నేర్పినవాణ్ణి కాబట్టి, క్లాసులు మొదలయ్యేలోపు కొన్ని విషయాలు నీ చెవిన వేయాలనిపించింది.

ముఖ్యమైనది ముందే చెప్తాను. గదిలో ఒక్కదానివే కూర్చుని చేసే సాధనతో సరిపెట్టుకోకు. ఖాళీ దొరికినప్పుడల్లా గాత్రం క్లాసుకి వెళ్లి ఓ మూల కూర్చుని తాళం వేస్తూ విను. పరీక్షలో తని ఆవర్తనానికి, అదే మృదంగం ఒక్కటే మోగే భాగానికి, మంచి మార్కులొస్తాయి, అందుకే పిల్లలంతా దానిమీదే పడతారు. కచేరీలో తని ఏ పావుగంటో ఉంటుంది. మిగతా సమయమంతా పాట వెంట నడవాలి. ఆ నడక పుస్తకంలో దొరకదు.

త్యాగరాజస్వామి కీర్తనల్లో దేశాది తాళంలో నడిచేవి చాలా ఉన్నాయి. వాటిలో పాట సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద, మొదలవదు, ఒకటిన్నర అక్షరాలు, అంటే ఒకటిన్నర తాళం లెక్కలు, గడిచాక ఎత్తుకుంటుంది. పాట తెలియకపోతే ముక్తాయిని, అదే ముగింపు వరసని, తీసుకెళ్లి సమంలో పడేస్తావు, పాడే ఆవిడ తడబడుతుంది. అందుకని నెలకి రెండు కీర్తనలైనా పాడటం నేర్చుకో. గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు. సాహిత్యం ఎక్కడ నిండుగా ఉందో, ఎక్కడ చోటు ఉందో తెలిస్తే చాలు, చెయ్యి ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది. అరియకుడి రామానుజ అయ్యంగార్ పాటకి పాల్ఘాట్ మణి అయ్యర్ వాయించిన పాత రికార్డింగులు దొరుకుతాయి. ఆయన ఎక్కడెక్కడ వాయించకుండా ఊరుకున్నారో గమనిస్తూ విను.

మళ్లీ త ధి తొం నం అనే తొలి పాఠం దగ్గర మొదలుపెట్టిస్తే విసుక్కోకు. మూడో కాలం వేగంలో దాగే తప్పులన్నీ మొదటి కాలం నిదానంలో బయటపడతాయి. కొత్త జతి, అంటే మృదంగం పలుకుల వరస, ఏదైనా ముందు చేత్తో తాళం వేస్తూ నోటితో చెప్పు. అయిదు లెక్కల ఖండం, ఏడు లెక్కల మిశ్రం నోటికి తేలిగ్గా తిరిగాకే మృదంగం ముట్టుకో. ఎడమచేతిని అశ్రద్ధ చేయకు. ఎడమవైపు చర్మపు మూత, అదే తొప్పి మీద గుముకి అనే జారుడు నాదం నిండుగా పలికితే పాటకి ఎంత అందమొస్తుందో! భుజమో మణికట్టో నొప్పిగా ఉంటే ఆ పూటకి ఆపెయ్.

తాళానికి చెప్పే పది లక్షణాలు, ఆ తాళ దశప్రాణాలు బట్టీ పట్టి రాసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. వాటిలో ఒకటైన యతుల పాఠం విన్న సాయంత్రమే, పోనుపోను వరస తగ్గే గోపుచ్ఛం ఒకటి, పెరిగే స్రోతోవహం ఒకటి సొంతంగా అల్లి వాయించి చూడు. ఇక మర్చిపోవు.

తగ్గు శ్రుతి మృదంగం, హెచ్చు శ్రుతి మృదంగం రెండూ చివరికి కావాలి. మగవాళ్లు ఎక్కువగా ఒకటి శ్రుతి దగ్గర పాడతారు, ఆడవాళ్లు అయిదు, అయిదున్నర. ఒకే వాద్యాన్ని కొట్టి అంత దూరం లాగితే మూత పాడవుతుంది. మొదటి ఏడాది హెచ్చు శ్రుతిది చాలు, నీ తోటి గాత్రం పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ ఉంటారు. వాయించడం అవగానే తొప్పి మీద అంటించిన రవ్వ ముద్ద గీకి, తడి తుడిచెయ్. వానాకాలంలో మరీ జాగ్రత్త. మూతలు కట్టేవాళ్ల దగ్గర ఒక రోజు కూర్చుని పని చూడు. కుడి మూత మీది నల్లటి పూత, ఆ కరణి ఎలా వేస్తారో చూస్తే నాదం గురించి ఎంతో తెలుస్తుంది.

నృత్యం డిపార్ట్‌మెంట్ ఉంటే అక్కడికీ వెళ్లు. కూచిపూడి జతులకి వాయిస్తే చేతికి స్పష్టత వస్తుంది, చదువయ్యాక నాలుగు డబ్బులూ వస్తాయి. ఆకాశవాణి ఆడిషన్‌కి చివరి ఏడాదిలోనే సిద్ధపడు.

ఆడపిల్లకి మృదంగమేమిటి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిడుమోలు సుమతిగారు తండ్రి దగ్గరా, తర్వాత దండమూడి రామమోహనరావుగారి దగ్గరా నేర్చుకుని, ఎన్నో కచేరీలు చేసి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆవిడ వాయించినవి వెతికి విను. అలాంటి మాటలకి జవాబు చెప్తూ నీ టైమ్ పోగొట్టుకోకు.

దసరా సెలవులకి మృదంగం తీసుకునే రా. పెద్దమ్మ పాడుతుంది, నువ్వు వాయిద్దువుగాని. దేశాదిలోవి రెండు ఇప్పట్నుంచే వింటూ ఉండు.

ఆశీస్సులతో,
పెదనాన్న