టెక్ సందేహాలు: కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ తిరగదేం?

జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచి ఈ శీర్షికకు ఫోన్ల ప్రశ్నలు తగ్గి, బోటు ఇంజన్ల ప్రశ్నలు పెరుగుతాయి. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా అందరిదీ ఒకటే గోడు. ఏప్రిల్ 15న గట్టున పెట్టిన రోజు బాగానే ఉన్న ఇంజను, 61 రోజుల తర్వాత తాళం తిప్పితే పలకదు. ఇంజన్ను తిట్టే ముందు వైర్లు చూడండని ఎన్నిసార్లు రాసినా మళ్లీ అవే ఉత్తరాలు. ఈసారి కాస్త వివరంగానే చెబుతాను.

"సార్, మా ఫైబర్ బోటుకు సెల్ఫ్ ఉన్న ఔట్‌బోర్డు ఇంజను. తాళం తిప్పితే టక్ టక్ అంటుంది తప్ప తిరగదు. లైట్లు మాత్రం బాగా వెలుగుతున్నాయి. కావలిలో కొత్త బ్యాటరీ కొన్నాం. రెండు రోజులు బాగుంది, మళ్లీ అదే టక్ టక్. మాకు పాత బ్యాటరీ అంటగట్టారా?" - జువ్వలదిన్నె నుంచి ఒక పాఠకుడు

బ్యాటరీ షాపతన్ని అనుమానించే ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఇంజన్ను స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 100 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. బ్యాటరీ నుంచి మోటారు దాకా ఉన్న దారిలో, చిలుము పట్టిన టెర్మినల్ దగ్గరో నలిగిన కేబుల్లోనో, 0.02 ఓమ్ అడ్డు ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. అదే దారిలో ఒక ఆంపియర్ లాగే లైటుకు పోయేది 0.02 వోల్టు మాత్రమే. అందుకే లైటు వెలుగుతుంది, సెల్ఫ్ తిరగదు. "లైటు వెలుగుతోంది కాబట్టి కరెంటు వస్తోంది" అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

ఒక మల్టీమీటరు తీసుకోండి. చార్జింగ్ తీసేసి కొన్ని గంటలు ఆగాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగువకు వస్తే దాదాపు ఖాళీ. ఇప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంకొకరిని తాళం తిప్పమని, మీరు మీటరు చూడండి. బ్యాటరీ 9.6 కంటే కిందికి పడిపోతే తప్పు బ్యాటరీదే. పడిపోకుండా టక్ టక్ మాత్రమే వస్తుంటే, మీటరు ఎర్ర పిన్ను బ్యాటరీ సీసపు పోస్టు మీద పెట్టండి. దానికి కేబుల్‌ను బిగించే క్లాంపు మీద కాదు, పోస్టు మీదే. నల్ల పిన్ను సెల్ఫ్ మోటారు బోల్టు మీద పెట్టి మళ్లీ తాళం తిప్పించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలోనే ఎక్కడో దొంగ ఉన్నాడు. మైనస్ పోస్టు నుంచి ఇంజను బాడీకి కూడా ఇలాగే చూడాలి. అక్కడ 0.2 దాటకూడదు. నాకొచ్చే ఫొటోల్లో ఎక్కువ తప్పులు ఈ మైనస్ వైపే ఉంటాయి. ప్లస్ వైరును అందరూ ముద్దుగా చూసుకుంటారు, మైనస్‌ను ఎవరూ పట్టించుకోరు.

ఈ జువ్వలదిన్నె పాఠకుడు పంపిన ఫొటో చూశాక నాకు బ్యాటరీ మీద అనుమానం పూర్తిగా పోయింది. కేబుల్‌ను మధ్యలో మెలిపెట్టి కలిపి, నల్ల టేపు చుట్టారు. టేపు విప్పితే లోపల తడి, పచ్చటి పొడి. రెండంగుళాలు తొడుగు కోసి చూస్తే రాగి తీగ మసిలా నల్లబడి ఉంది. ఉప్పునీరు ఆ అతుకులోంచి తీగల సందుల్లోకి పాకుతూ పోతుంది. పైన తొడుగు మాత్రం కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. కొత్త బ్యాటరీ రెండు రోజులు లాగిందంటే నిండు చార్జి మీద ఉంది కాబట్టి. కాస్త తగ్గగానే ఈ అతుకు బయటపడింది.

ఆ కేబుల్ మొత్తం మార్చేయండి, అతకొద్దు. ఇళ్లకు వాడే వైరు సముద్రానికి పనికిరాదు. తగరం పూత ఉన్న మెరైన్ వైరు అడిగి తీసుకోండి. చివర బోల్టుకు బిగించే లగ్గును ప్రెస్ చేయించి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ తొడుగు వేయించండి. వచ్చే ఏడాది బోటు గట్టున పెట్టేటప్పుడు బ్యాటరీ విప్పి ఇంటికి తీసుకెళ్లి నెలకోసారి చార్జి పెట్టండి. ఖాళీ అయిన బ్యాటరీని రెండు నెలలు అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆపైన ఎంత చార్జి పెట్టినా పూర్వపు బలం రాదు.

"ఇంజను నడుస్తున్నప్పుడు చార్జింగ్ ఎక్కుతోందో లేదో చూడ్డానికి మెకానిక్ బ్యాటరీ వైరు పీకేశాడు. ఇంజను ఆగలేదు కాబట్టి చార్జింగ్ బాగుందన్నాడు. ఆ రోజు నుంచి అసలు చార్జింగే లేదు." - పాకల

ఇంజనులో పుట్టే కరెంటును బ్యాటరీకి ఎక్కేలా మార్చే రెక్టిఫైయరు కాలిపోయింది. నడిచే ఇంజను నుంచి బ్యాటరీ తీస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగుస్తుంది, దాన్ని పీల్చుకోవడానికి ఏమీ ఉండదు. మీటరు పెట్టి 13.8 నుంచి 14.5 మధ్య ఉందో లేదో చూస్తే పది సెకన్లలో తేలే సంగతి ఇది. ఖర్చు ఆ మెకానిక్‌తోనే పెట్టించండి.

"ఎర్ర తాడు క్లిప్పు విరిగింది. కొత్తది దొరకలేదు. స్విచ్చిని డైరెక్ట్ చేసేశాం. ఇంజను బాగానే నడుస్తోంది. ఇబ్బందేమైనా ఉందా?" - మైపాడు

ఉంది. ఆ తాడు చేతికి కట్టుకునేది అలంకారానికి కాదు. అల కుదుపుకు మనిషి నీళ్లలో పడితే తాడుతోపాటు క్లిప్పు ఊడి ఇంజను అక్కడికక్కడ ఆగాలి. ఆగకపోతే బోటు ముందుకు వెళ్లిపోవచ్చు, లేదా ఎవరూ పట్టని హ్యాండిల్ పక్కకు తిరిగి, నీళ్లలో తిరిగే ఫ్యాన్‌తో సహా బోటు ఆ మనిషి మీదికే రావచ్చు. కొత్త క్లిప్పు తెచ్చేదాకా బోటు తీయకండి. గేరులో ఉన్నప్పుడు స్టార్ట్ కాకుండా ఆపే న్యూట్రల్ స్విచ్చిని డైరెక్ట్ చేసినవాళ్లకూ ఇదే జవాబు.

ఇక ఈ వారం నన్ను నిజంగా టెన్షన్ పెట్టిన ఉత్తరం.

"ఒంగోలులో లిథియం బ్యాటరీ కొన్నాను. అందులోనే బ్లూటూత్ ఉంది, ఫోన్లో చార్జి చూసుకోవచ్చన్నారు. యాప్ ప్లే స్టోర్‌లో లేదు. డబ్బా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఏపీకే ఫైలు (నేరుగా ఫోన్లో ఎక్కించే యాప్ ఫైలు) దిగింది. లొకేషన్, కాంటాక్టులు, ఎస్ఎంఎస్ అడిగింది. అన్నీ ఓకే కొట్టాను. బాగానే పనిచేస్తోంది." - కొత్తపట్నం

లొకేషన్ అడగడంలో తప్పు లేదు. ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు ఫోన్లలో బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే ఆ అనుమతి కావాల్సిందే. 12 నుంచి 'దగ్గరున్న పరికరాలు' అనే వేరే అనుమతి వచ్చింది. కానీ బ్యాటరీకి మీ ఎస్ఎంఎస్‌లతో ఏం పని? మీ ఓటీపీలన్నీ అక్కడికే వస్తాయి. వేట నిషేధ భృతి పడే ఖాతా, యూపీఐ, అన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి కదా. పీఎం కిసాన్, ఆర్టీవో చలానా పేర్లతో ఏపీకే ఫైళ్లు వాట్సాప్‌లో తిరిగి ఎందరి ఖాతాలు ఖాళీ చేశాయో మీరూ వినే ఉంటారు. ఈ యాప్ చేసినవాళ్లు దొంగలని నేననడం లేదు. అయినా అడ్డగోలుగా అడిగి తీసుకున్న అనుమతి రేపు ఎవరి చేతిలో పడుతుందో వాళ్లకే తెలియదు.

ముందు ఫోన్ నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు దానికి ఇచ్చి ఉంటే తీసేసి, తర్వాత యాప్ అన్ఇన్‌స్టాల్ చేయండి. వాట్సాప్‌కు, బ్రౌజరుకు 'తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్' అనుమతి ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డు, యూపీఐ పిన్ మార్చండి. రూపాయి పోయినట్టు కనిపించినా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత ఆలస్యమైతే డబ్బు వెనక్కి వచ్చే ఆశ అంత తగ్గుతుంది.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఇంకోటుంది. ఇలాంటి కొన్ని బ్యాటరీల యాప్‌లో చార్జి చూడడమే కాదు, బ్యాటరీ నుంచి కరెంటు ఆపేసే బటన్ కూడా ఉంటుంది. పాస్‌వర్డు ఉండదు, ఉన్నా అన్నింటికీ ఒకటే. అంటే అదే యాప్ ఉన్న కుర్రాడెవడైనా పక్క బోటులో కూర్చుని సరదాగా ఒక బటన్ నొక్కితే మీ సెల్ఫ్, జీపీఎస్, లైట్లు అన్నీ ఆరిపోతాయి. 2024 నుంచి బోట్లకు ఇస్తున్న ఇస్రో ట్రాన్స్‌పాండరు (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) మీ బోటులో ఇదే బ్యాటరీ మీద నడుస్తుంటే, ఆపదలో సందేశం పంపే దారికీ ఇదే గతి. యాప్‌లో పాస్‌వర్డు మార్చే వీలుంటే ఈ రోజే మార్చండి. లేకపోతే దుకాణానికి తిరిగిచ్చేయండి. ట్రాన్స్‌పాండరుకు మాత్రం వేరే చిన్న బ్యాటరీ, వేరే ఫ్యూజు పెట్టించుకోవడం మంచిది. 1554 నంబరు, అదే కోస్ట్‌గార్డ్ సాయం నంబరు, బోటులో అందరి ఫోన్లలో ఉండాలి.

ఇంకో మాట. మీ ఇంజను లిథియంకు సరిపోతుందని తయారీదారు పుస్తకంలో రాసి ఉందా? రాసి లేకపోతే, నడుస్తుండగా బ్యాటరీ తనంతట తానే కట్ అయినప్పుడు పాకల పాఠకుడి రెక్టిఫైయరుకు పట్టిన గతే మీదానికీ పట్టొచ్చు. పైగా లిథియం సగం ఖాళీ అయినా మీటరు మీద 13కు పైనే చూపిస్తుంది, ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోకండి.

అసలు బ్యాటరీకి యాప్ ఎందుకండీ? ఎర్ర అంకెలు చూపే చిన్న వోల్టు మీటరు కొన్ని వందల రూపాయలకు వస్తుంది. తడి చేత్తో టచ్ స్క్రీన్ పలకదని, మధ్యాహ్నం ఎండలో తెర కనపడదని, ఉప్పుగాలికి చార్జింగ్ పోర్టు ఆరు నెలలు ఆగదని, వీటిని డిజైన్ చేసేవాళ్లు ఒక్కసారి గట్టు దాకా వచ్చినా తెలుస్తుంది. ఇంజన్లదీ అదే వరస. తప్పు ఎక్కడుందో చెప్పకుండా బీప్ మంటూ కూర్చుంటాయి. ఎన్ని బీప్‌లకు ఏ అర్థమో ఇంగ్లిష్ పుస్తకంలో చివరి పేజీల్లో ఉంటుంది. ఫ్యూజు మూత వెనక దాక్కుంటుంది. పుస్తకంలో ఆ నాలుగు పేజీలు తెలుగులో వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

"జీపీఎస్ అప్‌డేట్ అడుగుతోంది. సముద్రంలో ఉన్నప్పుడు చేసుకోవచ్చా?" - తుమ్మలపెంట

వద్దు. గట్టున, చార్జరు తగిలించి చేయండి. మధ్యలో కరెంటు పోతే పరికరం మళ్లీ ఆన్ కాకపోవచ్చు. వలలు చిక్కే రాళ్లు, చేపలు పడే చోట్లు మార్కు చేసుకున్న పాయింట్లన్నీ ముందే మెమరీ కార్డులోకి ఎక్కించి, ముఖ్యమైనవి నోటు పుస్తకంలోనూ రాసుకోండి. కొన్ని అప్‌డేట్‌లు వాటిని తుడిచేస్తాయి.